మహిళా రైతులకు ముందు శిక్షణా, పట్టానా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కొత్తగా ఒక స్వచ్ఛంద సంస్థలో చేరారు. తెలంగాణలో ఒక మండలం అప్పగించి, మహిళా రైతుల కోసం ఏడాదికి సరిపడా ప్రణాళిక రాయమన్నారు. శిక్షణ తరగతులు పెట్టాలా, పనిముట్లు పంచాలా, లోన్లు ఇప్పించాలా అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "ఆడవాళ్లు వ్యవసాయంలో సాయం చేస్తారు గానీ వాళ్లను రైతులనడం ఎక్కువేమో అని మా సీనియర్ ఒకాయన అంటున్నారు, నిజమేనా?"

సూటిగా చెప్తాను. మొదట చూడాల్సింది భూమి పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందన్నది. శిక్షణ, పనిముట్లు, లోను అన్నీ దాని తర్వాతే. పేరు లేని మనిషికి శిక్షణ ఇస్తే పని తెలుస్తుంది. ఆ పని ఆమెకు ముందే తెలుసు. తెలియనిదల్లా బ్యాంకులో, తహసీల్దార్ ఆఫీసులో, మార్కెట్‌లో తనను రైతుగా నిలబెట్టే కాగితం ఎలా సంపాదించాలన్నదే. నల్లగొండ, సూర్యాపేట, జనగామ వైపు మహిళా సంఘాలతో ఇరవై రెండేళ్లు పని చేసి చెప్తున్న మాట ఇది. మొదటి ఆరేడేళ్లు నేను కూడా శిక్షణలే పెట్టాను కాబట్టి మీ ప్లాన్‌ను తప్పుపట్టడం లేదు.

మీ సీనియర్ గారి మాట గురించి ముందు మాట్లాడుకుందాం. ఆ అభిప్రాయం ఉన్నంతకాలం మిగతాదంతా దండగ.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటింటి సర్వేకి పంపారు. ఫారంలో "వృత్తి" అని ఒక గడి. ఒక ఇంటి ముందు అక్క ఒకామె అప్పుడే నాటు వేసి వచ్చినట్టుంది, పిక్కల దాకా బురద ఆరి తెల్లగా పెచ్చులు లేస్తోంది. కాళ్లు కడుక్కోకుండానే పొయ్యి ముట్టించింది. "ఏం పని చేస్తావక్కా" అని అడిగాను. "ఏం జేస్త బిడ్డా, ఇంట్లనే ఉంట" అంది. నేను "గృహిణి" అని రాసేసుకుని పక్క ఇంటికి వెళ్లిపోయాను. ఆ రోజు అలాంటి ఫారాలు ముప్పై దాకా నింపాను. మూడో రోజుకు గానీ నాకు బుర్ర వెలగలేదు. అప్పటి నుంచి ఆ ప్రశ్న అడగడం మానేసి, "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం చేశావు" అని అడుగుతున్నాను. మీరూ అలాగే అడగండి. జవాబు పూర్తిగా మారిపోతుంది.

వరిలో నారు పీకడం, కట్టలు మోయడం, నాటు, కలుపు, వడ్లు ఎండబోసి ఎత్తడం. పత్తిలో గింజలు పెట్టడం, రెండు మూడు సార్లు కలుపు, మొక్క మొదట్లో ఎరువు వేయడం, ఏరడం. ఇంటి దగ్గర పాడి, మేకలు, వచ్చే ఏడాదికి విత్తనం దాచడం. మగవాళ్లు దుక్కి, రాత్రి కరెంటుకు నీళ్లు కట్టడం, మందు కొట్టడం, మార్కెట్‌కు పోవడం చూసుకుంటారు. అవీ కష్టమే, కాదనను. అయితే ఒకటి గమనించండి. మగవాళ్లు చేసే పనులకు ముందు యంత్రం వచ్చింది: ట్రాక్టర్, హార్వెస్టర్, పవర్ స్ప్రేయర్. వంగి చేసే పనులకు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది, లేదా అసలు రాలేదు.

పత్తి ఏరడమే తీసుకోండి. కాయ పగిలి ఎండాక దాని కొనలు ముళ్లలా తయారవుతాయి. దూది లాగిన ప్రతిసారీ గోళ్ల పక్కన గీరుకుంటాయి. నవంబరు వచ్చేసరికి చాలామంది వేళ్లకు గుడ్డ పేలికలు చుట్టుకుని ఏరుతుంటారు. పొద్దున మంచు ఆరాక చేనులో దిగితే పొద్దుగూకే దాకా నడుం లేవదు. ఒళ్లో పత్తి నిండే కొద్దీ ఆ బరువంతా నడుము మీదే. సాయంత్రం కాంటా పెట్టి కిలోల లెక్కన కూలి ఇస్తారు. తన చేనులో తానే ఏరుకునే ఆడమనిషికైతే ఆ కూలి కూడా లెక్కలోకి రాదు. పత్తి అమ్మిన చిట్టీ మీద భర్త పేరు ఉంటుంది.

అంకెలు కావాలంటే, రిపోర్టులో పనికొస్తాయి కాబట్టి ఇస్తున్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పని చేసే ఆడవాళ్లు సుమారు 15 కోట్లు. వాళ్లలో నూటికి 65 మంది వ్యవసాయంలోనే ఉన్నారు. 41 మంది కూలీలు, 24 మంది సాగుదారులు. ఇక 2015-16 వ్యవసాయ గణనలో, ఆడవాళ్లు సాగు చేసే కమతాలు దాదాపు 14 శాతం, విస్తీర్ణంలో 12 శాతం లోపే. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడాయే మీ ప్రాజెక్టు.

ఇంకో సంగతి మీ సీనియర్ గారికి చూపించండి. 2007 నాటి జాతీయ రైతు విధానంలో రైతు అంటే పట్టాదారు అని రాయలేదు. కౌలుదారు, వ్యవసాయ కూలీ, పశువులు కాసుకునేవాళ్లు, ఆడవాళ్లు అందరినీ కలిపే నిర్వచనం ఇచ్చారు. ఆ తర్వాత ఎం.ఎస్. స్వామినాథన్ గారు రాజ్యసభలో మహిళా రైతుల హక్కుల కోసం ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టేది) కూడా పెట్టారు. అది చట్టం కాకుండానే మురిగిపోయింది. కాబట్టి కాగితం మీద నిర్వచనం ఉంది, ఆఫీసులో మాత్రం "పాస్‌బుక్ ఏదమ్మా" అనే అడుగుతారు.

పేరు ఎందుకంత ముఖ్యం

ఒక్కో పథకం విప్పి చూడండి. 2018లో రైతుబంధు అనే పెట్టుబడి సాయం వచ్చింది, ఎకరానికి సీజన్‌కు 4,000తో మొదలైంది. ఇప్పుడు రైతు భరోసా పేరుతో 2025 నుంచి 6,000 ఇస్తున్నారు. అది పట్టాదారు ఖాతాలో పడుతుంది. రైతుబీమా కూడా 2018లోనే వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా ఇంటికి 5 లక్షలు వస్తాయి. మంచి పథకం, నా చేతుల మీదుగా ఎంతోమందికి క్లెయిములు ఇప్పించాను. కానీ ఇలా ఆలోచించండి. పట్టా ఉన్న భర్త పోతే భార్యకు 5 లక్షలు వస్తాయి. అదే చేనులో అంతే పని చేసిన భార్య పాము కరిచి పోతే, ఆమె పేర గుంట భూమి లేకపోతే, ఇంటికి పైసా రాదు. ఆ బీమా పేరుకు చేశారు, చాకిరీకి చేయలేదు.

పంట రుణం అంతే. 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 4 శాతం పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా ఏ తాకట్టూ అక్కర్లేదు. ఇవన్నీ భూమి కాగితం చూపించగలిగినవాళ్లకు. కాగితం లేనామె ఏం చేస్తుంది? సంఘంలో లోను తీసుకుంటుంది. ఆ డబ్బు ఆమె చేతిలో ఒక రాత్రి కూడా ఉండదు, విత్తనాలకో బోరుకో పోతుంది. అప్పు ఆమె పేర, పంట ఆయన పేర. నెల నెలా కిస్తీ కట్టాల్సింది మాత్రం ఆమే, ఎందుకంటే సంఘం మీటింగులో తోటి ఆడవాళ్ల ముందు తల దించుకోవాల్సింది ఆమే కదా. పంట పోయిన ఏడాది ఈ కిస్తీ కోసం నూటికి రెండు మూడు రూపాయల మిత్తికి బయట తెచ్చిన ఇళ్లు నాకు లెక్కలేనన్ని తెలుసు. మీ ప్రణాళికలో "లోన్లు ఇప్పించడం" అని రాసే ముందు ఈ సంగతి ఒకసారి ఆలోచించండి.

అన్నింటికంటే నన్ను కుదిపేసిన కేసు కౌలు రైతు భార్యది. ఆయన నాలుగెకరాలు నోటిమాట కౌలుకు తీసుకుని పత్తి పెట్టాడు. రెండేళ్లు వరుసగా దెబ్బతిని, పురుగుల మందు తాగాడు. రైతు ఆత్మహత్యలకు పరిహారం ఇవ్వడానికి 2015లో ఇచ్చిన జీవో 194 ఉంది, 6 లక్షలు. ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ విచారణ చేసి తేల్చాలి. విచారణకు వచ్చినవాళ్లు ఆమెను కౌలు కాగితం అడిగారు. లేదు. అప్పుకు ప్రాంసరీ నోటు అడిగారు. అవి అప్పిచ్చినవాళ్ల దగ్గర ఉన్నాయి, వాళ్లు ఇవ్వరు. భూమి యజమాని "నేను కౌలుకే ఇవ్వలేదు" అన్నాడు, ఇస్తే తన రైతుబంధుకు ఎసరొస్తుందని భయం. ఆమె ఆ చేనులో తాను కలుపు తీసిన చోటు, పత్తి ఏరిన చోటు చూపిస్తానంది. అది సాక్ష్యం కింద ఎవరూ రాసుకోలేదు. ఆ ఫైలు ఎటూ తేలలేదు. ఆ తర్వాత అప్పులన్నీ ఆమె కూలి చేసి తీర్చింది.

పేరు ఎక్కించడం ఎలా

నేను పని చేసిన వరుసలో చెప్తాను, తేలికైన దాని నుంచి.

అన్నింటికంటే తేలిక విరాసత్ (చనిపోయినవాళ్ల భూమిని వారసుల పేరు మీదకు మార్చడం) పెండింగ్‌లో ఉన్న ఇళ్లు. ప్రతి ఊళ్లో ఉంటాయి. తాత పేరనో, చనిపోయిన భర్త పేరనో భూమి అలాగే ఉంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వీలునామా రాయకుండా పోతే, భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకు తలా ఒక వాటా, సమానంగా. ఊళ్లో జరిగేది వేరు. కొడుకులిద్దరూ చెరిసగం రాయించుకుంటారు. "అమ్మ మా దగ్గరే ఉంటది గదా, ఆమెకెందుకు భూమి" అంటారు. వారసులంతా ఒప్పుకున్నట్టు సంతకాలు పెట్టే కాగితం దగ్గరే తల్లి వాటా మాయమవుతుంది. ఆమె వేలిముద్ర వేసేది దేని మీదో ఆమెకు ఎవరూ చదివి వినిపించరు. భూ రికార్డులకు ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది, పోర్టల్ పేరు మారినా ఈ వేలిముద్ర దగ్గర జరిగేది అదే. కాబట్టి మీ కార్యకర్త ఆ సంతకాల రోజుకు ముందే ఆ ఇంట్లో కూర్చోవాలి. తర్వాత వెళ్తే కోర్టు తప్ప దారి లేదు.

నేను కొడుకులతో మాట్లాడేటప్పుడు హక్కుల గురించి ఎత్తను. "అమ్మ పేర ఎకరం ఉంటే ఆమెకు రైతు భరోసా వస్తుంది, 59 దాటకపోతే బీమా ఉంటుంది, మీరు ఇద్దరూ గొడవపడినా ఆమెకో ఆధారం ఉంటుంది" అంటాను. పదిమందిలో ఆరేడుగురు ఒప్పుకుంటారు. ఒక చిక్కు ఉంది. చాలామంది తల్లులకు భూమి పేరు మీదకు వచ్చేసరికే యాభై ఐదు, యాభై ఆరు ఏళ్లు ఉంటాయి. ఆధార్‌లో పుట్టిన తేదీ ఇంకా ఎక్కువ పడి ఉంటుంది. బీమాకు మిగిలేది రెండు మూడేళ్లు. అందుకే భర్త పోయిన ఏడాదిలోనే ఈ పని చేయించాలి.

కూతుళ్ల వాటా దగ్గర నాకు వేరే అభిప్రాయం ఉంది, నా తోటివాళ్లు చాలామంది ఒప్పుకోరు. చట్టం కూతుళ్ల వైపే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 1986 సవరణతోనే ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కు వచ్చింది, 1985 సెప్టెంబరుకు ముందే పెళ్లయినవాళ్లకు మాత్రం కాదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్లితో పని లేకుండా కూతురికీ కొడుకుతో సమాన హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా రిజిస్టరైన పంపకాలు మాత్రం కదలవు. ఇంతా ఉన్నా, ఊళ్లో ఆడబిడ్డ వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందని ఆమెకు తెలుసు. భర్త కొడితే, అప్పులపాలైతే తిరిగి వెళ్లడానికి ఉన్న ఒకే ఇల్లు అది. "కట్నం ఇచ్చాం కదా" అన్న మాట ఎలాగూ ఉంటుంది. నేను చట్టం చెప్తాను, కాగితాలు చూపిస్తాను, అడగమని మాత్రం తోయను. ఆ గడప మూసుకుంటే రాత్రి ఆమె నా ఇంటికి రాదు. ముందు తల్లుల వాటా సరిచేస్తే, తర్వాత కూతుళ్ల మాట ఆ ఇళ్లలో తల్లులే ఎత్తడం చూశాను.

రెండోది భర్త బతికి ఉండగా కొంత భూమి గిఫ్ట్ కింద రాయించడం. తెలంగాణలో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులోనే జరుగుతుంది కాబట్టి తిరుగుడు తక్కువే. కానీ మొగుళ్లు తేలిగ్గా ఒప్పుకోరు. "నామీద నమ్మకం లేదా" అని ఇంట్లో పెద్ద టెన్షన్ అవుతుంది. దీనికంటే సులువు, కొత్తగా కొనే భూమిని ఆమె పేర కొనిపించడం. పత్తి డబ్బుతోనో, సంఘం లోనుతోనో ఇరవై గుంటలు కొంటున్నారంటే ఆ ఇంటికి పరుగెత్తండి. వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం అలా ఆమె పేర వచ్చిన భూమికి ఆమే పూర్తి యజమాని.

ఒక హెచ్చరిక. ఈ వారసత్వ చట్టం అందరికీ వర్తించదు. ముస్లింలకు వాళ్ల చట్టం వేరు. గిరిజనులకు ఇది నేరుగా వర్తించదు. మీ మండలంలో తండాలు, గూడేలు ఉంటే ముందే తెలుసుకోండి. అటవీ హక్కుల చట్టం 2006 కింద ఇచ్చే పోడు (అడవి భూమి సాగు) పట్టాలో మాత్రం పెళ్లయినవాళ్లకు భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉమ్మడిగా ఉండాలని చట్టంలోనే ఉంది. పాత పట్టాల్లో భార్య పేరు వదిలేసి ఉంటే సరిచేయమని అర్జీ పెట్టించండి.

మూడోది కౌలు, ఇదే కష్టమైనది. సెంటు భూమి లేనివాళ్లు కౌలుకు చేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది, తెలంగాణలో దాని అమలు నామమాత్రం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి 11 నెలల కార్డు పెట్టారు. యజమాని సంతకం కావాలన్న దగ్గర అదీ ఆగిపోతోంది. మా వైపు కాస్త పనికొచ్చిన దారి ఏమిటంటే, ఐదారుగురు ఆడవాళ్లు ఒక జాయింట్ లయబిలిటీ గ్రూపుగా చేరి కౌలు చేయడం. నలుగురి నుంచి పదిమంది దాకా చేరవచ్చు, ఒకరికొకరు జామీను, బ్యాంకు భూమి కాగితం అడగకుండా అప్పు ఇవ్వొచ్చు. బ్యాంకు మేనేజర్‌ని బట్టి ఉంటుంది. ఒకాయన ఏడాదిలో పదకొండు గ్రూపులకు ఇచ్చాడు. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన ఒక్కటీ ఇవ్వలేదు.

పేరు ఎక్కితే సరిపోతుందా? సరిపోదు. ఒక్కో కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండకూడదన్న సీలింగ్ చట్టం రోజుల్లో పెద్ద రైతులు ఎంతోమంది భార్యల పేర భూములు రాశారు. ఆ ఆడవాళ్లలో తమ పేర భూమి ఉందని తెలియకుండానే పోయినవాళ్లున్నారు. ఇప్పటి రూపం వేరు. ఒక అక్క పేర రెండెకరాల పాస్‌బుక్ చేయించాం, ఫోటో తీసి రిపోర్టులో కూడా పెట్టుకున్నాం. ఏడాదిన్నర తర్వాత "రైతుబంధు పైసలు ఏం చేశావక్కా" అంటే "నాకు ఎక్కడ పడ్డయి" అంది. ఖాతాకు కలిపిన ఫోన్ నంబరు కొడుకుది. మెసేజ్ అతనికి, ఏటీఎం కార్డు అతని దగ్గర, మూడు సీజన్ల డబ్బు బైకు కిస్తీలకు పోయింది. అప్పటి నుంచి నా రెండో ప్రశ్న, ఫోన్ ఎవరిదని. ప్రతి ఇంట్లో ఈ రెండూ కలిపి అడగండి.

ఇక శిక్షణ

పెట్టొద్దని చెప్పను. ఎప్పుడు, ఎక్కడ పెడుతున్నారన్నదే అసలు సంగతి. పొద్దున పదకొండుకు రైతు వేదికలో మీటింగ్ అంటే, ఆ సమయానికి ఆడవాళ్లంతా చేలల్లో ఉంటారు. వచ్చేది తెల్ల బట్టల పెద్దమనుషులు, ఇద్దరు ముగ్గురు సంఘం లీడర్లు. హాజరు పట్టీలో సంఖ్య నిండుతుంది. మేం తర్వాత మధ్యాహ్నం సద్ది తినే వేళ గట్టు మీద పెట్టడం మొదలుపెట్టాం, అరగంట, ఒక్క విషయం, అదే చేనులో మొక్క పీకి చూపిస్తూ. చెప్పేది ఆడమనిషి అయితే ప్రశ్నలు వస్తాయి. మగ అధికారి ముందు "ఈ మందు కలిపినంక నాకు కడుపుల తిప్పుతది" అని ఏ ఆడమనిషీ చెప్పదు.

ఈ మందు సంగతి కచ్చితంగా పెట్టండి. జాగ్రత్తలన్నీ కొట్టేవాడికే చెప్తారు. కొట్టేది మగవాడే కావచ్చు. డ్రమ్ములో నీళ్లు పోసి, చేత్తోనో పుల్లతోనో మందు కలిపేది, బిందెలతో అందించేది భార్య. సాయంత్రం ఆ చొక్కా లుంగీ ఉతికేది ఆమె. మందు కొట్టిన రెండో రోజే అదే చేనులో వంగి కలుపు తీసేదీ ఆమే. చేతికి గ్లవ్స్ ఇస్తే ఇద్దరికీ ఇవ్వండి.

పనిముట్ల దగ్గర నేను చేసిన తప్పు చెప్తాను. శ్రీ వరి (తక్కువ నీటితో, దూరం దూరంగా నాటే పద్ధతి) మీద ఊపు ఉన్న రోజుల్లో సాలుల మధ్య నడిపే కోనో వీడర్లు (కలుపు తీసే పనిముట్లు) నలభై దాకా పంచాం. ఆడవాళ్ల కష్టం తగ్గుతుందని ప్రాజెక్టులో రాశాం. రేగడి బురదలో దాన్ని తోయడానికి బలం చాలదు, పిడి వాళ్ల భుజానికి అందాల్సిన ఎత్తులో లేదు. సీజన్ అయ్యాక వెళ్లి చూస్తే సగం కొట్టంలో దూలానికి వేలాడుతున్నాయి. మిగతా సగం మగవాళ్లు నడుపుతున్నారు. అంటే కలుపు పని ఆడవాళ్ల నుంచి మగవాళ్లకు పోయింది, దాంతోపాటు ఆ కూలి కూడా. నడుం నొప్పి తగ్గిందని సంతోషపడ్డవాళ్లు ఉన్నారు, పది రోజుల కైకిలి పోయిందని తిట్టినవాళ్లు ఉన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. సొంత భూమి ఉన్నామెకు యంత్రం సుఖం, కూలికి పోయేదానికి అదే పొట్ట మీద దెబ్బ. గడ్డి మందు విషయమూ అంతే. కాబట్టి "మహిళలు" అని ఒకే గుంపుగా ప్రణాళిక రాయకండి. ఆడవాళ్ల ఒడ్డూ పొడుగుకు తగ్గ పనిముట్ల మీద భువనేశ్వర్‌లో కేంద్ర మహిళా వ్యవసాయ పరిశోధన సంస్థ పని చేస్తోంది, కొనే ముందు వాళ్ల నమూనాలు చూడండి. ఏదైనా రెండు తెచ్చి ఒక సీజన్ నడిపించాకే నలభై కొనండి.

మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే కేంద్ర పథకం డ్రోన్ దీదీ గురించి కూడా అడుగుతారని తెలుసు. 80 శాతం సబ్సిడీ, 8 లక్షల దాకా. ఒకరిద్దరు చురుకైన అమ్మాయిలకు మంచి ఉపాధి. మండలం మొత్తానికి ప్రణాళిక అంటే అది కాదు.

కూలి రేట్ల గురించి రెండు ముక్కలు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఊళ్లో ఇప్పటికీ "ఆడ కూలి, మగ కూలి" అని రెండు రేట్లు, ఎవరూ వింతగా చూడరు. ఉపాధి హామీ పనిలో ఇద్దరికీ ఒకే రేటు వచ్చాక కొన్ని ఊళ్లలో బేరమాడే ధైర్యం పెరిగింది. నాట్లకు ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకునే ముఠాలు రోజు కూలి కంటే బాగా సంపాదిస్తాయి. అయితే ఈ మధ్య నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి మగ కూలీలు గుంపులుగా వస్తున్నారు. మీ మండలంలోనూ వస్తుంటే ఆడవాళ్ల పని దినాలు ఎన్ని తగ్గాయో తప్పకుండా లెక్క తీయండి.

"ఆడవాళ్ల చేతిలో భూమి ఉంటే దిగుబడి తగ్గుతుంది" అనేవాళ్లు మీకు ఎదురవుతారు. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2023 నివేదిక ప్రకారం, ఒకే సైజు కమతాల్లో మగవాళ్లు నడిపే వాటికీ ఆడవాళ్లు నడిపే వాటికీ ఉత్పాదకతలో 24 శాతం తేడా ఉంది, నిజమే. ఎరువు, నీళ్లు, అప్పు, సలహా ఎవరికి ముందు అందుతాయో చూస్తే ఆ తేడా ఎక్కడిదో తెలుస్తుంది. ట్రాక్టర్ కిరాయికి అడిగితే ఒంటరి ఆడమనిషి చేను అన్నింటికంటే చివర దున్నుతారు. అదును తప్పితే దిగుబడి ఎక్కడి నుంచి వస్తుంది?

చేయగలరని నమ్మకం కావాలంటే మీ టీమ్‌ని ఒకసారి జహీరాబాద్ వైపు తీసుకెళ్లండి. పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు దశాబ్దాలుగా వానాధారపు నేలల్లో కొర్ర, సామ, జొన్న, పప్పులు కలిపి పండిస్తున్నాయి. విత్తనం వాళ్ల ఇళ్లలోనే ఉంటుంది, బూడిద, వేపాకు కలిపి, పేడతో అలికిన బుట్టల్లో. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకే వచ్చింది. అంత దూరం వద్దంటే మీ మండలంలోనే మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్లండి. తేమ 17 శాతం దాటితే కొనకూడదు. మీటర్ చేతిలో పట్టుకున్న అక్క, ఊరి పెద్ద రైతు వడ్లకు "ఇంకో పూట ఎండబెట్టన్నా" అని చెప్తుంటే పక్కన నిలబడి చూడండి. ఆమెకే సొంత ఇంట్లో ఏ సంచి ఎప్పుడు అమ్మాలో అడిగే హక్కు లేకపోవచ్చు.

కాబట్టి మొదటి రెండు నెలలు తరగతి ఒక్కటీ పెట్టకండి. రెండు ఊళ్లు ఎంచుకుని ఇంటింటికీ నాలుగే ప్రశ్నలతో వెళ్లండి: నిన్న ఏమేం చేశారు, భూమి ఎవరి పేరు, ఫోన్ నంబరు ఎవరిది, ఇంట్లో పోయినవాళ్ల పేర ఇంకా భూమి ఉందా. ఫారంలో "గృహిణి" అన్న గడి తీసేయండి. విరాసత్ పెండింగ్ ఇళ్లు ఎన్ని తేలాయో, వాటిలో వితంతువులు ఎందరో, గిరిజన కుటుంబాలు ఎన్నో ఇక్కడే రాయండి. ఏ కేసుకు ఏ కాగితం ముందు తీయించాలో అప్పుడు విడివిడిగా చెప్తాను. మరణ ధ్రువపత్రాలు మాత్రం ఇప్పటి నుంచే మొదలుపెట్టించండి, అన్నింటికంటే ఎక్కువ ఆలస్యమయ్యేవి అవే.